సర్వేయర్ వచ్చేదాకా సుత్తి ఎత్తని మేస్త్రి

ప్రమాదం జరిగాక కారు యజమాని ఏం చేయాలో రాయమని ఎడిటర్ అడిగితే, బీమా ఆఫీసుకి కాకుండా విజయవాడ భవానీపురంలోని ఓ రేకుల షెడ్డుకి వెళ్ళాను. దెబ్బతిన్న బండ్లు ముందు చేరేది అలాంటి చోటికే.

టింకరింగ్ మేస్త్రికి యాభై దాటాయి. నొక్కుపడిన డోరు మీద కళ్ళు మూసుకుని అరచెయ్యి పాముతారు. సొట్ట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో కంటికన్నా చేతికే ముందు తెలుస్తుందంటారు. తర్వాత రేకు వెనక ఇనుప దిమ్మ ఆనించి, పైనుంచి సుత్తితో సన్నగా, ఓపిగ్గా కొడతారు. ఎంత బాగా కొడితే పుట్టీ అంత తక్కువ పడుతుంది.

ఆ ఉదయం మాత్రం ఆ చేతులు ఖాళీగా ఉన్నాయి. ఎదురుగా లారీ వెనక గుద్దుకుని బంపర్ విరిగి, బానెట్ ముడుచుకుపోయిన కారు. దాని యజమాని, రిటైరైన మాస్టారు, అసహనంగా తిరుగుతున్నారు.

"రెండు రోజులైందయ్యా. విప్పడం మొదలెట్టు."

"సర్వేయర్ చూడకుండా బోల్టు విప్పితే మీ డబ్బే పోతుంది మాస్టారూ. దెబ్బ ఎక్కడ తగిలిందని రేపు అడిగితే నేనేం చూపించను?"

మేస్త్రి మాట నిజం. నష్టం 50 వేల రూపాయలు దాటితే లైసెన్సు ఉన్న సర్వేయర్ లెక్కగట్టాలి. అందుకే బండి కదిలించేముందే నంబరు ప్లేట్లతో సహా ఫొటోలు తీసుకోవాలి, వెంటనే బీమా కంపెనీకి ఫోన్ చేయాలి. ఎవరికైనా గాయాలైతే ఇవన్నీ తర్వాత. ముందు 108. గాయపడినవారికి వైద్యం అందేలా చూడడం, పోలీసులకి చెప్పడం 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ డ్రైవరు మీద పెట్టిన బాధ్యత. 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద, గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో క్షతగాత్రులకి ఏడు రోజుల వరకు, లక్షన్నర దాకా నగదు లేకుండా చికిత్స చేస్తారు.

మాస్టారి బాధ ఇంకొకటి. "బంపర్ బిల్లులో సగమే ఇస్తారట. ఇన్నేళ్ళూ కట్టాను కదా!"

ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీలకి తరుగు కింద సగం కోస్తారు. అద్దాలకి కోత లేదు. ఇనుప భాగాలకి బండి వయసును బట్టి కోత: అయిదేళ్ళు దాటి పదేళ్ళలోపు బండికైతే 40 శాతం. ఈ కోత వద్దనుకుంటే 'జీరో డెప్' కవరేజీ అదనంగా తీసుకోవాలి. ఆ సంగతి ఆయనకి పాలసీ అమ్మినప్పుడు ఎవరూ చెప్పలేదు. షెడ్డులో మేస్త్రి చెప్పారు, బంపర్ విరిగాక.

ఆ మాట విన్నప్పుడు నాకు కోపమొచ్చింది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వరద ముంచెత్తినప్పుడూ ఇలాగే ముందు ఎవరూ చెప్పలేదు. నీళ్ళు తీయగానే బండి పనిచేస్తుందో లేదోనని తాళం తిప్పినవాళ్ళే ఎక్కువ నష్టపోయారని మేస్త్రి గుర్తుచేసుకున్నారు. సిలిండర్లో నీళ్ళుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజన్ రక్షణ కవరేజీ లేకపోతే, అది వరద నష్టం కాదు, స్టార్ట్ చేయడం వల్ల జరిగిన నష్టమని బీమా కంపెనీలు తిరస్కరిస్తాయి. కదిలించకుండా ఫొటో తీసి, టోయింగ్ చేయించుకుంటే మిగిలే ఇంజన్ అది.

చిన్న సొట్టతో వచ్చినవాళ్ళని ఈ మేస్త్రి క్లెయిమ్ వద్దని పంపేస్తారు. క్లెయిమ్ లేని ఏడాదికి 20 శాతంతో మొదలై 50 దాకా పెరిగే రాయితీ, ఒక్క క్లెయిమ్‌తో పోతుంది. రెండు వేల పనికి అంత పోగొట్టుకోవద్దని చెప్పి, సుత్తి అందుకుంటారు. ఈ సలహాకి ఆయన రూపాయి తీసుకోరు.

చెప్పాల్సినవాళ్ళు చెప్పని మాటలు ఒక టింకరింగ్ మేస్త్రి తెలుగులో చెబుతున్నారు. పాలసీ ఇంగ్లీషులో, సన్నటి అక్షరాల్లో ఉంటుంది. ఆ బీమా కంపెనీలని నియంత్రించే ఐఆర్‌డీఏఐ కేంద్ర కార్యాలయం ఉన్నది హైదరాబాద్‌లోనే. ఆలస్యంగా తెలిపారన్న ఒక్క కారణంతో నిజమైన క్లెయిమ్‌ని కొట్టేయొద్దని 2011 సెప్టెంబర్‌లోనే అది ఉత్తర్వు ఇచ్చింది. ఆ సంగతి షెడ్డులో ఉన్న నలుగురిలో ఒక్కరికీ తెలియదు.

సాయంత్రం నాలుగింటికి సర్వేయర్ వచ్చారు. బానెట్ తెరిపించి, ఫొటోలు తీసుకుని, వెళ్ళారు. అప్పుడు మేస్త్రి స్పానర్ అందుకున్నారు.

కోతలెన్ని, కవరేజీ ఏమిటి, ప్రమాదం జరిగితే ఏం చేయాలి, ఏం చేయకూడదు: ఈ నాలుగూ ఒక పేజీలో తెలుగులో రాసి ప్రతి పాలసీకి ముందు జత చేయాలని బీమా కంపెనీలని కోరుతున్నాను. పాఠకులకో మాట: క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, ఏడాదిలోపు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కి రాయండి. రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.