మోటారు సైకిళ్ళ మీద ముక్తినాథ్

విదేశయాత్ర అనగానే విమానం, వీసా, ఉన్నికోటు - ఈ మూడూ మనసులో మెదులుతాయి ఎవరికైనా. మా విదేశయాత్రకు మొదటి రెండూ అక్కరలేదు. గోరఖ్‌పూర్ నుంచి వంద కిలోమీటర్ల దూరంలో సునౌలి. అక్కడ ఒక ద్వారం దాటితే నేపాలు! గడియారం పదిహేను నిమిషాలు ముందుకు తిప్పుకోవాలి. బండి మాత్రం మనలాగే ఎడమవైపున నడపాలి.

మేము ఆరుగురం, బళ్ళు అయిదు. ఆరో మనిషి మా మరదలు, అంటే తమ్ముడి భార్య. ఆమె వెనక సీటులో కూర్చుంటుందని మా లెక్క. సగం దారి తానే నడుపుతానని ఆమె లెక్క.

అందరిలోకీ పెద్దవారు మా బావగారు. అరవై రెండేళ్ళు. రెండేళ్ళ కిందట గుండెకు స్టెంటు వేశారు. అక్కయ్య పోయి ఏడాది అయింది. సాలగ్రామ క్షేత్రం చూడాలని ఆమెకు ఏనాటినుంచో కోరిక. ఏటా ఏదో ఒక అడ్డం వచ్చేది - పిల్లల పరీక్షలు, పెళ్ళిళ్ళు, పురుళ్ళు. ఇప్పుడు బావగారు తన పాత బుల్లెట్టు మీదనే అక్కడికి వెళ్ళాలంటారు. జీపు మాట ఎత్తితే, "మీ అక్క ఆ బండి మీదనే కాపురానికి వచ్చిందోయ్" అంటారు. ఆ మాటకు జవాబేం చెప్పగలం?

అందుచేత నెల రోజులుగా ప్రతి ఆదివారమూ మా వసారాలో సభ. 2018లో నేను యాత్రికులతో కలిసి జీపులో వెళ్ళి వచ్చాను గనుక, దారి చెప్పే పని నా నెత్తిన పడింది.

ముందు కాగితాల సంగతి. సరిహద్దు దాటడానికి పాస్‌పోర్టో, ఓటరు గుర్తింపు కార్డో ఉండాలి. ఆధార్ ఒక్కటే నమ్ముకుని బయలుదేరడం మాలాంటి నడివయసువారికి పనికిరాదు. బండికి అక్కడి సుంకం కచేరీలో 'భన్సార్' అనే చీటీ రాయించుకోవాలి. ఎన్ని రోజులుంటే అన్ని రోజులకు రుసుము. తిరిగి సరిహద్దు దాటేదాకా ఆ చీటీ ప్రాణంతో సమానం. ఇక చాలామంది తలవని తలంపు ఇన్సూరెన్సు. మన పాలసీ మామూలుగా మన దేశంలోనే చెల్లుతుంది. నేపాలుకు కూడా వర్తించేటట్లు అదనపు ప్రీమియం కట్టి రాయించుకోవాలి. అయిదు బళ్ళకూ అది అయ్యేదాకా టిక్కెట్లు కొనేది లేదని మంకుపట్టు పట్టాను.

విజయవాడ నుంచి గోరఖ్‌పూర్ దాకా బళ్ళు మీద వెళ్ళడం వీరత్వమే కాని, నడుములు మనవి గదా! అందుకని బళ్ళను రైలు పార్సెలులో వేస్తున్నాము. ట్యాంకులో చుక్క పెట్రోలు ఉండకూడదు. గోనెపట్టాలు చుట్టి కట్టాలి. రాప్తీసాగర్ ఎక్స్‌ప్రెస్ మా ఊరి మీదుగానే వెళుతుంది.

సునౌలి దాటాక లుంబిని దగ్గరే. బుద్ధుడు పుట్టిన చోట అశోకుని స్తంభం చూసి ఒక పూట ఆగుతాము. అక్కడినుంచి పాల్పా కొండల మీదుగా పోఖరాకు సుమారు నూట ఎనభై కిలోమీటర్లు. మన దేశం సాయంతో వేసిన రోడ్డది. మైదానంలో దీన్ని నాలుగు గంటల పని అనుకుంటాము; ఆ మలుపుల్లో రోజంతా పట్టిందన్నా ఆశ్చర్యం లేదు.

పోఖరా దాటి బేనీ నుంచి కాళీగండకి వెంబడి పోవాలి. ఒక పక్క అన్నపూర్ణ, మరో పక్క ధవళగిరి - రెండూ ఎనిమిది వేల మీటర్లు దాటినవే. ఆ రెంటి నడుమ లోయలో నది. ఈ నదిలోనే సాలగ్రామాలు దొరుకుతాయి. హిమాలయాలు లేవకముందు అక్కడ సముద్రం ఉండేదట. ఆ సముద్రపు ప్రాణుల గుల్లలే రాళ్ళలో చక్రాలై మిగిలాయని శాస్త్రజ్ఞులు చెబుతారు. మనవాళ్ళు అందులో విష్ణుచక్రాన్ని చూశారు.

ఆ లోయలో భయపడవలసింది గాలికి. ఎండకు ఉత్తరాన ఉన్న పీఠభూమి వేడెక్కగానే, కిందనుంచి గాలి లోయలోగుండా ఎగబాకుతుంది. మధ్యాహ్నమయ్యేసరికి జోమ్‌సోమ్ దగ్గర ఇసుక కళ్ళలో కొడుతుంది. జీపులో కూర్చుని కూడా తలుపు గట్టిగా పట్టుకున్నాను నేను. అందుకని తెల్లవారుజామునే బయలుదేరి పదకొండు లోపల ఎక్కడో చోట దిగిపోవాలని తీర్మానించాము. వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడతాయి. కనుక ప్రయాణం అక్టోబరు చివర. అందరికంటె నెమ్మదిగా నడిపేవారు ముందు, బాగు చేయడం తెలిసిన తమ్ముడు చిట్టచివర.

ఇంతవరకూ తేలికే. పోఖరా ఎత్తు ఎనిమిది వందల మీటర్ల పైచిలుకు. ముక్తినాథ్ మూడు వేల ఏడు వందలు దాటింది. అక్కడ పీల్చే ప్రాణవాయువు మన ఊళ్ళో దొరికేదానిలో మూడింట రెండు వంతులు. గుండె డాక్టరుగారు బావగారిని ట్రెడ్‌మిల్ మీద నడిపించి చూసి సరేనన్నారు, షరతులతో. ఒక్క బిగిని పైకి పోకూడదు. మార్ఫాలో రెండు రాత్రులు ఆగాలి. తలనొప్పి గాని ఆయాసం గాని వస్తే వెంటనే కిందికి దిగాలి. గుడి మెట్లకు గుర్రం ఎక్కాలి.

"ఆయన ఆగిపోతే తోడు ఎవరుంటారు?" అని అడిగాను. వసారా అంతా నిశ్శబ్దం. ఇంత దూరం వెళ్ళి గుడి ముంగిట ఆగడం ఎవరికి ఇష్టం? చివరకు తమ్ముడి స్నేహితుడు, అందరిలోకీ చిన్నవాడు, "నేనుంటాను" అన్నాడు. బావగారు తల వంచుకున్నారు.

మిగిలింది ఆఖరి షరతు. గుడి వెనక నూట ఎనిమిది ధారలున్నాయి. మంచు కరిగిన నీళ్ళు. వాటి కింద స్నానం ఆయనకు కూడదన్నారు డాక్టరుగారు. "ఆ నీళ్ళు నెత్తిన పోసుకోకపోతే ఎందుకోయ్ వెళ్ళడం?" అని బావగారు లేచిపోబోయారు.

"చెంబుతో పట్టి తెచ్చి, బసలో కాచి పోస్తాను, అన్నయ్యగారూ" అంది మరదలు.

"కాచిన నీళ్ళకు శాస్త్రం ఒప్పుకుంటుందామ్మా?"

"వదిన ఒప్పుకుంటుంది లెండి."

బావగారు మళ్ళీ కూర్చున్నారు. సామాను జాబితాలో ఇత్తడి చెంబు కూడా రాసుకున్నాము.