విజయనగరంలో ఓ పూట నడక

జపాన్ వెళ్లినవాళ్లు గుళ్లూ తోటలే చూసొస్తారనుకుంటాం. కానీ టోక్యోలోని ఒమొతెసాండో వీధికి కొత్త భవనాలు చూడ్డానికే వెళ్లేవాళ్లు ఎందరో! వజ్రాల్లా మెరిసే గాజు పలకలతో 2003లో పూర్తయిన ప్రాడా దుకాణం, చెట్టుకొమ్మలు అల్లుకున్నట్టుండే కాంక్రీటు గోడలతో తొయో ఇతో 2004లో కట్టిన టాడ్స్ భవనం... అన్నీ తాపీగా నడుస్తూ చూడొచ్చు.

అలా నడుస్తూ చూడాల్సిన ఊరు మన ఉత్తరాంధ్రలోనూ ఉంది. అదే విజయనగరం.

నడక కోట దగ్గర మొదలుపెట్టొచ్చు. 1713లో విజయదశమి నాడు దీనికి పునాది వేశారని చెబుతారు. తూర్పున నగర్‌ఖానా ద్వారం. లోపల రాజుల స్నానాల కోసం కట్టిన ఔద్‌ఖానా ఉంది. ఎనిమిది పలకల రాతి కట్టడమది. పైకెళ్లడానికి చుట్లు తిరిగే మెట్లున్నాయి. ఇక గంటస్తంభం సంగతి చెప్పక్కర్లేదు. 1885లో కట్టిన ఈ స్తంభం ఎత్తు 68 అడుగులు. ఇదీ ఎనిమిది పలకలే. కొత్తవాళ్లకి దారి చెప్పాలంటే ఊరివాళ్లకి ఇదే గుర్తు. మరోపక్క 1919లో మొదలైన సంగీత కళాశాల. ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షుడు. ద్వారం వెంకటస్వామినాయుడు వయొలిన్ నేర్పిందీ, ఘంటసాల పాట నేర్చుకుందీ అక్కడే.

అయితే ఈ నడకలో ఇప్పుడు కొన్ని ఖాళీలున్నాయి. కోటలో 1869లో దర్బారు కోసం కట్టిన మోతీమహల్ 2020 నాటికే నేలమట్టమైంది. అదే ఏడాది మే నెలలో ఊరి నడిబొడ్డున ఉన్న మూడులాంతర్ల స్తంభాన్ని కూడలి పనుల్లో భాగంగా తొలగించారు. ఊరంతా దాన్ని గురించే మాట్లాడుకుంది. పేరులోనే లాంతర్లున్న కూడలి మరి!

పాతవన్నీ అలాగే ఉంచాలనీ, కొత్తవి కట్టకూడదనీ ఎవరూ అనరు. ఒమొతెసాండోలోనూ కూల్చారు. 1923 భూకంపం తర్వాత జనం కోసం కట్టిన అపార్ట్‌మెంట్లు 1927 నుంచీ ఆ వీధిలో ఉండేవి. వాటిని 2003లో తీసేసి, తడావో ఆండో నమూనాతో పెద్ద దుకాణ సముదాయం కట్టారు. 2006లో తెరిచారు. కానీ ఓ చివర పాత అపార్ట్‌మెంట్లలో ఒక భాగాన్ని మునుపటిలాగే మళ్లీ నిలబెట్టారు. తాతలు ఎలాంటి ఇళ్లలో ఉన్నారో మనవలకి చూపించడానికి ఆ ముక్క చాలు. మన దగ్గర కూల్చేముందు ఆ మాత్రం ఆలోచన చేసినా బాగుండేది.

ఉన్నవాటినైనా చూద్దాం. ఓ ఆదివారం పొద్దున్నే, ఎండ ముదరకముందే పిల్లల్ని తీసుకుని బయల్దేరండి. గంటస్తంభానికి ఎన్ని పలకలో వాళ్లనే లెక్కపెట్టనివ్వండి. మోతీమహల్ ఏదని అడిగితే మాత్రం చూపించడానికి పాత ఫొటోలే మిగిలాయి.