గాంధీ చౌక్ మేడగదిలో

ఖమ్మము గాంధీ చౌక్ ప్రాంతమున అడుగిడిన వానిని మొట్టమొదట పలుకరించునది మిరప ఘాటు. ఇచటి యార్డునకు చేరిన తేజ రకపు కాయ చైనా, థాయిలాండు మొదలగు దేశములకు సైతము ఎగుమతి యగుచుండుటచే, ఆ వ్యాపారము నాశ్రయించిన కమీషన్ దుకాణములు, కోల్డ్ స్టోరేజీలు, లారీ ఆఫీసులు ఈ పట్టణమునకు ఒక స్వభావమునే కల్పించినవి. 2020 డిసెంబరులో ఇచట ఐటి హబ్ ప్రారంభమైనది గాని, నేను చూడబోయినది ఆ భవనమును కాదు. చిల్లర దుకాణముల నెత్తిన, ఇద్దరు ఎదురైన ఒకరు వెనుకకు దిగవలసినంత ఇరుకు మెట్లెక్కి చేరు ఒక మేడగదిని. అందు ముప్పది యేండ్లు నిండని యువకు డొకడు, ఈ జిల్లాలోను పొరుగున గల భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోను ఉన్న చిన్న వ్యాపారులకు వెబ్‌సైట్లు కట్టి యిచ్చుట, వానికి హోస్టింగు చూచి పెట్టుట, చెడినప్పుడు బాగుచేయుట వృత్తిగా జీవించుచున్నాడు.

సర్వర్ల గది యనగా చల్లని గాలిలో గుయ్యిమను ఇనుప బీరువా లేవో కాన్పించునని తలంచిన నాకు, రెండు కంప్యూటర్లు, ఒక ఇన్వర్టరు, గోడకు వ్రేలాడు భద్రాద్రి రాముని క్యాలెండరు మాత్రమే కాన్పించినవి.

"మిషన్లన్నీ ముంబైలోనో హైదరాబాదులోనో ఉంటయ్ సార్. నా దగ్గరుండేది పాస్‌వర్డులే" అని అతడు నవ్వెను.

నేను కూర్చున్న కొంతసేపటికే భద్రాచలము నుండి ఒక గృహిణి వచ్చినది. ఇప్పపువ్వు లడ్డు, అడవితేనె, వెదురు బుట్టలు అమ్ము చిన్న వ్యాపారము ఆమెది. చర్ల, దుమ్ముగూడెము మండలముల గూడెముల నుండి సరకు తెచ్చుకొని, యాత్రికులకు దుకాణములోను, దూరపువారికి వెబ్‌సైటు ద్వారమునను అమ్ముచున్నది. శ్రీరామనవమి సమీపించుచుండగా సైటు తెరచినవారికి "500" అను అంకెయు, దాని క్రింద ఒక ఆంగ్ల వాక్యమును తప్ప మరేమియు కనబడుట లేదు. అంతకు ముందు నుండియే ఆర్డర్ల మెయిళ్లు రాక నిలిచిపోయినవి. హోస్టింగు కంపెనీవారికి ఫోను చేయగా, మీది అన్‌లిమిటెడ్ ప్లాను, లోపము మీ సైటులోనే యున్నదని సెలవిచ్చిరట.

"అందరూ ఇదే మాట చెప్తరక్కా, కూర్చో" అని యువకుడు పని నారంభించెను. ఆ పనిలోని క్రమమే నన్ను మిక్కిలి ఆకర్షించినది. తన బ్రాడ్‌బ్యాండు మీద తెరువకున్న సైటును అతడు వెంటనే సెల్‌ఫోను డేటా మీద తెరచి చూచెను. లోపము మన యింటి తీగలోనిదా, అవతలిదా యని తేలుట కిది. పిదప డొమైను పేరునకు గడువు తీరినదేమో చూచెను. ఏలయన, గడువు తీరిన డాట్ కామ్ పేరు రిజిస్ట్రారు ఇచ్చు వెసులుబాటు కూడ దాటినచో, అదనపు రుసుము చెల్లించి విడిపించుకొనుటకు 30 దినములు మాత్రమే యుండి, ఆపై 5 దినములకు ఎవరైనను కొనదగినదగును. పేరు బ్రతికియే యున్నది. ఆ పేరును సర్వరు చిరునామాగా మార్చి చెప్పు డిఎన్ఎస్ పద్దులును సరిగనే యున్నవి. సర్వరు పలుకుచున్నది, కాని తప్పు పలుకుచున్నది; కాబట్టి దోషము లోపలనే యని నిశ్చయించి కంట్రోల్ ప్యానెలు తెరచెను.

డిస్కు చూడగా సగము కూడ నిండలేదు. ఆమె ముఖమున నిరాశ తోచినది. యువకుడు మాత్రము ఆ క్రింది వరుసలోని మరియొక పద్దుపై వ్రేలుంచెను: ఫైళ్ల సంఖ్య. కంపెనీవారు జాగా అన్‌లిమిటెడ్ అన్నమాట నిజమే గాని, ఎన్ని ఫైళ్లుండవచ్చునో దానికొక హద్దు కలదు. అది నియమావళి యడుగున, ఎవరును చదువని చోట వ్రాయబడి యుండును. ఆ హద్దు అంచువరకు నిండినది. అన్ని ఫైళ్లెక్కడివి? సైటు కట్టిననాడు ఎవరో "ఈ డొమైనుకు ఏ పేరుతో వచ్చిన మెయిలైనను పట్టి ఉంచుము" అని యేర్పాటు చేసి మరచిరి. ఆ సర్వరున ఒక్కొక్క మెయిలు ఒక్కొక్క ఫైలు. లేని పేర్లకు వచ్చిన లాటరీ మెయిళ్లు, అప్పు లిత్తుమను మెయిళ్లు, ఏండ్ల తరబడి ఎవరును తెరువని పెట్టెలో పేరుకొని, క్రొత్త ఫైలొకటి వ్రాయుటకైనను సందులేక, సైటును నిలిచినది, ఆర్డర్ల మెయిలును నిలిచినది. రెండు రోగములకు మూల మొక్కటియే.

అతడు తొందరపడి చెరిపివేయలేదు. ముందుగా డేటాబేసును, ఫోటోలను తన కంప్యూటరునకు దింపుకొని, ఆ దింపినది తెరుచుకొనుచున్నదో లేదో పరీక్షించి, ఆపైననే ఆ పెట్టెను ఖాళీచేసి, మరల నిండకుండ ఆ యేర్పాటును రద్దుచేసెను. సైటు తెరుచుకొన్నది. ఫోను కెమెరా నుండి యథాతథముగా ఎక్కించిన ఫోటోలు ఒక్కొక్కటి అయిదేసి ఎంబీలుండుట చూచి మాత్రము అతడు నొచ్చుకొని, గూడెములో సిగ్నలు ఎట్లుండునో నీకు తెలియదా యని ఆమెనే యడిగెను.

ఇక కొత్త హోస్టింగు కొనవలెనా యని ఆమె ప్రశ్న. వ్యాపారమున కింకను షేర్డ్ హోస్టింగే చాలునని అతని తీర్పు. "కోల్డ్ స్టోరేజీ లెక్కనే అక్కా. మన బస్తాల పక్కన పదిమంది బస్తాలుంటయ్. మొత్తం గోడౌను మనకెందుకు? గానీ బాండు ఎవరి పేరున ఉందో చూసుకోవాలె." సర్వరు భారతదేశములో ఉండవలెనని, మొదటి సంవత్సరపు ధరను గాక రెండవ సంవత్సరపు ధరను అడుగవలెనని, కొనకముందే అర్ధరాత్రివేళ ఒక ప్రశ్న పంపి, ఎవరు ఎంతసేపటికి బదులిత్తురో చూడవలెనని చెప్పెను. ఈ కడపటిది నాకు మిక్కిలి నచ్చినది. ప్రకటనలలోని నక్షత్రములకంటె అది నమ్మదగిన పరీక్ష. అమెరికా పశ్చిమతీరమున నున్న సర్వరునకు ఒక పలుకు పోయి వచ్చుటకే సెకనులో అయిదవ వంతు పట్టుననియు, ఒక పుట తెరుచుకొనుటకు అట్టి రాకపోకలు పెక్కు కావలెననియు లెక్క చూపెను. డొమైను ఒకచోట, హోస్టింగు మరియొకచోట, మెయిలు వేరొకచోట ఉంచుమన్న అతని సలహా శాస్త్రసమ్మతమే గాని, ఒక్క పాస్‌వర్డును చీటీలపై వ్రాసి పోగొట్టుకొను దుకాణదారులకు మూడు ఖాతాల భారము మోపుట యెంతవరకు క్షేమమో నాకు సందేహమే. ఆ మాట అంటిని. అతడు కాదనలేదు. "అయితే డొమైను ఒక్కటన్నా వేరే పెట్టుకోవాలె సార్. అది పోతే మిగతావి ఉన్నా లేనట్టే" అనెను.

అసలు చిక్కు అచటనే యున్నది. ఆ పేరు ఆమె మేనల్లుని పేరున, బెంగుళూరులో ఉద్యోగము చేయుచున్న అతని పాత మెయిలు మీద నమోదై యున్నది. రెన్యువల్ హెచ్చరికలన్నియు ఆ మెయిలునకే పోవును. పేరును మరియొకచోటికి మార్చుటకు కావలసిన కోడును అచటికే వచ్చును. ఆమె అక్కడనే ఫోను చేయగా, ఆ మెయిలు తెరచి యేండ్లైనదని, పాస్‌వర్డు జ్ఞాపకము లేదని మేనల్లుడు చెప్పెను.

"నవమికి వాడెట్లాగూ వస్తడు తమ్ముడూ. కల్యాణానికి ముందే పట్టుకొచ్చి నీ ముందు కూర్చోబెడతా" అని ఆమె లేచినది.

"ఆధార్ కార్డు, ఆ మెయిలుకిచ్చిన పాత సిమ్ము ఉంటే అదీ తెమ్మను అక్కా" అని యువకుడు మెట్లదాక వచ్చి కేకవేసి, లోపలికి వచ్చి, వైరా నుండి ఫోను చేయుచున్న ఎరువుల దుకాణమువాని సైటును తెరచెను.