పిడికెడు బియ్యం పద్దు

తెలుగు పాఠం చెప్పేవాడి చేతికి ఎవరూ డబ్బుపెట్టె అప్పగించరు. మా సంఘంవాళ్ళు ఎందుకు అప్పగించారో నాకు ఈనాటికీ అంతుపట్టదు. బంగారానికీ బట్టలకూ పేరుపడ్డ ప్రొద్దుటూరులో లెక్కల్లో ఆరితేరినవాళ్ళు వీథికి పదిమంది దొరుకుతారు. అయినా ఆ యేడు చర్చి సర్వసభ్య సమావేశంలో ఎవరో నా పేరు అన్నారు, అందరూ చేతులెత్తారు, నేను ట్రెజరర్ నైపోయాను. "సారు సంధులు విడదీస్తాడు గదా, చిల్లర విడదీయలేడా!" అని ఒక పెద్దాయన చమత్కరించాడు కూడాను.

పెట్టె తెరిచి చూస్తే ఆ చమత్కారం కాస్తా ఎగిరిపోయింది. వచ్చేవి ఆదివారం కానుకలు, నెల చందాలు, బిడ్డ పుట్టిందనో ఉద్యోగం వచ్చిందనో ఇచ్చే కృతజ్ఞతార్పణలు, ఏడాదికొక కోతపండుగ. పోయేవి అయ్యగారి జీతం నిమిత్తం డయాసిస్‌కు కట్టవలసిన వాటా, కరెంటు బిల్లు, వాచ్‌మన్ కూలి, గోడల సున్నం. పైగా గుడి పైకప్పు కారుతోంది. వాన వస్తే వెనక వరుసవాళ్ళు ముందుకు జరిగి కూర్చుంటారు. అయ్యగారికి అదొక్కటే లాభం.

"మనవాళ్ళకు తీసుకోవడమే గాని ఇవ్వడం అలవాటు లేదు సార్" అన్నారు కమిటీ పెద్దలు. నేను నమ్మాను. నమ్మడానికి కారణం వుంది. నేను పుట్టింది జమ్మలమడుగులో. మా తాత దొరల కాలం చూసినవాడు. లండన్ మిషన్ అక్కడ బళ్ళు పెట్టింది, ఆసుపత్రి పెట్టింది. క్యాంబెల్ పేరుమీద ఆ ఆసుపత్రిని అందరూ ఎరుగుదురు. గోడ కూలితే దొరగారు కట్టిస్తారు, పంతులుకు జీతం దొరగారు ఇస్తారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది. దొరలు ఒక్కరొక్కరే వెళ్ళిపోయారు. గోడలు మాత్రం కూలడం మానలేదు. "మన గోడ మనమే ఎత్తుకోవాలని తెలిసేసరికి మాకు తల నెరిసింది" అనేవాడు తాత.

సరే, అలవాటు లేనివాళ్ళకు అలవాటు చేద్దామని నేనొక ఘనకార్యం తలపెట్టాను. చందా బాకీల జాబితా రాసి, ఒక ఆదివారం ఆరాధన చివర, ప్రకటనల సమయంలో, పేరుపేరునా చదివాను. కాలేజీలో హాజరు పిలిచే గొంతు నాది. గుడి అంతా నిశ్శబ్దం. మరుసటి ఆదివారానికి కొన్ని బాకీలు వసూలయినాయి కూడా. నా తెలివికి నేనే మురిసిపోయాను.

తలుపు దగ్గర స్తంభానికి ఆనుకుని కూర్చునే అవ్వ రావడం లేదని మూడు వారాలకు గాని గమనించలేదు. జాబితాలో ఆమె పేరూ వుంది: నెలకు యాభై చొప్పున ఎనిమిది నెలలు, 400 రూపాయలు. జ్వరమేమోనని వాళ్ళింటికి వెళ్ళాను. అవ్వ చాటలో బియ్యం ఏరుకుంటోంది. చాప వేసి కూర్చోమంది గాని నా ముఖం చూడలేదు.

"గుడికి రావడం లేదేం అవ్వా?"

"బాకీ పడినదాన్ని, ఏ మొగం పెట్టుకొని వచ్చేది నాయనా? దుడ్లు నాకాడ యాడుండాయి? అయినా పూటపూటా ఎసట్లో పోసేముందు పిడికెడు తీసి పెడతానే వుండా. ఆదివారం తెచ్చి తొట్లో పోస్తానే వుండా. అది మీ పుస్తకంలో ఎక్కదా?"

ఎక్కలేదు. పిడికెడు బియ్యం సంగతి మాకు కొత్తది కాదు. ఆడవాళ్ళు తెచ్చిందంతా ఒకే తొట్టిలో కలిసిపోతుంది. ఆరాధన అయ్యాక వేలం వేస్తాం. ఆ డబ్బు "ఇతర ఆదాయం" అనే పద్దులో పడిపోతుంది. ఇంటికి వచ్చి కాగితం తీసుకున్నాను. అవ్వ చెయ్యి చిన్నది, పిడికెడు నలభై గ్రాములనుకుందాం. రోజుకు రెండు పూటలు. ఎనిమిది నెలలకు పందొమ్మిది కిలోల పైమాట. కిలో పాతిక అని తక్కువ కట్టినా 480 రూపాయలు. అంటే ఎనభై రూపాయలు సంఘమే ఆమెకు బాకీ!

ఆ రాత్రి ఆలోచిస్తే, తాత చెప్పిన దొరల డబ్బు కూడా నాకు వేరేగా కనిపించింది. 1795లో పుట్టిన ఆ లండన్ సొసైటీ రాజుగారి ఖజానాతో నడిచింది కాదు. అక్కడి గుళ్ళలో మామూలు మనుషులు వేసిన చిల్లరతో నడిచింది. 1844లో 'జాన్ విలియమ్స్' అనే ఓడను దక్షిణ సముద్రాల దీవులకు పంపారు; దాని ఖరీదు పిల్లలు పోగుచేసిన డబ్బే. అంత దూరమెందుకు, మన దేశంలోనే మిజోరంలో 1910 నుంచి ఆడవాళ్ళు ఎత్తిపెట్టే పిడికెడు బియ్యంతో అక్కడి సంఘాలు ఎంతో పని సాగిస్తున్నాయి. మావాళ్ళకూ ఇవ్వడం అలవాటుంది. చూసే అలవాటే నాకు లేకపోయింది.

ఆ నెలలోనే కోతపండుగకని మా అత్తవారి ఊరు పులివెందుల వెళ్ళవలసి వచ్చింది. గుడి ముందు శనక్కాయల మూటలు, అరటిగెలలు, చీనీకాయల గంపలు. వేలంపాటలో ఒక గుమ్మడికాయను పాడుకున్నాయన డబ్బు చెల్లించి, కాయను మళ్ళీ బల్లమీదే పెట్టాడు, "ఇంకోసారి పాడండి" అంటూ. అలా ఆ కాయ నాలుగు చేతులు మారింది. జనం ఇళ్ళకు మళ్ళకముందే మొత్తం ఎంత వచ్చిందో, దాన్ని దేనికి ఖర్చు పెడతారో సుద్దముక్కతో నల్లబల్లమీద రాశారు. ఎవరు ఎంత ఇచ్చారో రాయలేదు. నా జాబితాకు సరిగ్గా తలకిందులన్నమాట.

ఊరికి తిరిగి వచ్చి, అవ్వను బతిమాలి గుడికి పిలుచుకొచ్చాను. అందరి ముందూ చేసిన తప్పు అందరి ముందే ఒప్పుకోవాలి గదా! ఆరాధన చివర లేచి, రాసుకొచ్చిన కాగితం చదవసాగాను. సగమయ్యేసరికి స్తంభం దగ్గర నుంచి వినిపించింది: "చాల్లే, కూచో నాయనా, ఎసరు పెట్టే పొద్దయితాంది." గుడి అంతా నవ్వింది. నేనూ నవ్వాను.

ఇప్పుడు మా పద్ధతి ఇది. కానుకలు నేనొక్కణ్ణే ఎంచను. ఇద్దరు సభ్యులు ఎంచి చీటీమీద సంతకాలు పెడతారు. సోమవారం అది బ్యాంకులో పడుతుంది. నెల మొదటి ఆదివారం జమాఖర్చులు గోడబల్లమీద వుంటాయి, మార్చిన బల్బుతో సహా. "ఆ ఫ్యాను రిపేరుకు అంత ఎందుకయింది?" అని ఒకాయన నిలదీస్తే మొదట నాకు ఒళ్ళు మండింది. తీరా చూస్తే, ఆ నెల అందరికంటే ముందు వచ్చింది ఆయన చందాయే. లెక్క అడిగేవాడు పరాయివాడు కాడు. ఫోనులో పంపేవాళ్ళ కోసం గోడకు క్యూఆర్ కోడ్ అట్ట కూడా తగిలించాం. దాని కిందనే బియ్యం తొట్టి వుంటుంది. పుస్తకంలో "పిడికెడు బియ్యం" అని విడిగా ఒక పద్దు వుంది. రొక్కం ఇవ్వలేనివాళ్ళకు అదే చందా. బాకీల జాబితా లేదు.

పైకప్పు పని సగమే అయింది. మిగతా సగానికి ఇంకా డబ్బు కూడాలి. మొన్న అవ్వ ఒక పిల్లవాణ్ణి పట్టుకుని గోడబల్ల చదివించుకుంటూ వుంది. ఆమెకు చదువు రాదు. వాడు గబగబా చదువుకుపోతూ వుంటే బియ్యం పద్దు దగ్గర ఆపింది.

"అది ఇంకోతూరి చదువు అబ్బోడా" అంది.