నొప్పి పోయింది... పుండు మానదేం?

భీమ్‌గల్ చుట్టుపక్కల ఊళ్ళలో పసుపు తవ్వే రోజుల్లో కాళ్ళకు దెబ్బలు తగలడం మామూలే. కాస్త పసుపు అద్ది, గుడ్డ కట్టి మళ్ళీ పనిలోకి దిగుతారు. చిన్న గాయమైతే పది పదిహేను రోజుల్లో మానిపోతుంది. కొందరికి మాత్రం నెల దాటినా పచ్చిగానే ఉంటుంది. షుగరుందేమోనని పరీక్ష చేయిస్తారు. మంచిదే. అడగాల్సింది ఇంకొకటుంది - 'నొప్పులకు ఏం గోళీలు మింగుతున్నారు?'

పొద్దస్తమానం ఒళ్ళో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్ళకు మెడ, నడుము నొప్పులు కొత్త కాదు. ఎవరో ఇచ్చిన పేరు తెలియని గోళీ వేసుకుంటే తెల్లారేసరికి ఒళ్ళు తేలికవుతుంది. ఆకలీ పెరుగుతుంది. 'మంచి మందు' అని పక్కింటికీ చెబుతారు. అందులో ఉన్నది ఒక్కోసారి స్టిరాయిడ్!

దాని మహిమ చిన్నదేం కాదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ ఫిలిప్ హెంచ్ కీళ్ళవాతంతో కదల్లేని ఒక మహిళకు కార్టిజోన్ ఇస్తే, కొద్దిరోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో ఆయనకు మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆస్తమా, లూపస్ లాంటి జబ్బుల్లో స్టిరాయిడ్లు నేటికీ ప్రాణాలు నిలుపుతున్నాయి.

మరి గాయంతో పేచీ ఎక్కడ? దెబ్బ తగిలిన చోట ఎర్రబడి వాస్తుంది. అది శరీరం మొదలుపెట్టిన మరమ్మతు. తెల్ల రక్తకణాలు చేరి క్రిములను, చెత్తను ఊడ్చేస్తాయి. ఆపైన కొల్లాజెన్ అనే పీచు అల్లుకుని గాయం పూడుతుంది. కీళ్ళ వాపును తగ్గించే స్టిరాయిడ్ ఈ వాపునూ అణిచేస్తుంది. ఊడ్చే పనీ, అల్లే పనీ రెండూ కుంటుపడతాయి. చీము పట్టినా జ్వరం, ఎరుపు అంతగా బయటపడవు. పైగా రక్తంలో షుగరు పెరుగుతుంది. కొద్దిరోజుల వాడకంతో గాయానికి వచ్చే ఇబ్బంది తక్కువే. నెలల తరబడి వాడితేనే చిక్కు.

అలాగని ఇవాళే గోళీలు అవతల పారేయకూడదు! చాలాకాలం బయటి స్టిరాయిడ్‌కు అలవాటుపడితే, శరీరంలో దాన్ని తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని మరచిపోతాయి. ఉన్నట్టుండి మానేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి.

పుండు చూపించడానికి వెళ్ళేటప్పుడు, ఇంట్లో పెద్దవాళ్ళు వేసుకునే గోళీలన్నీ ఒక కవర్లో వేసి వెంట తీసుకెళ్ళండి. పేరు లేని పొట్లమైనా సరే, దాచకుండా చూపించండి. పుండు మానకపోవడానికి కారణం అందులోనే దొరకవచ్చు.