జంట తప్పితే ఆట సాగదు

పేరాల అనగానే చాలామందికి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు, 1921 నాటి పోరాటం గుర్తొస్తాయి. నాకైతే మగ్గం చప్పుడే గుర్తొస్తుంది. మా పెద్దమ్మ నలభై ఏళ్లు ఆ చప్పుడులోనే బతికింది. కాళ్లు తొక్కుతుండాలి, చెయ్యి నాడె ఆడించాలి, చూపు అంచు మీద ఉండాలి. మూడూ ఒక్క లయలో సాగాలి.

రెండేళ్ల క్రితం పెదనాన్న పోయారు. మగ్గం ఆగిపోయింది. పెద్దమ్మ గడప దాటడం మానేసింది. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేది. అడిగిందే మళ్లీ అడిగేది. డాక్టరు గారు పరీక్షలన్నీ చేయించి, “మతిమరుపు జబ్బు కాదమ్మా, దిగులు. నలుగురిలో తిరగనివ్వండి” అన్నారు. తిరగమంటే తిరుగుతుందా? ఎవరు పిలిచినా “ఓపిక లేదే” అనేది.

మా వీధి ఆడవాళ్లు సాయంత్రాలు రామాలయం దగ్గర కోలాటం నేర్చుకుంటున్నారు. ఓ రోజు జంటకు ఒకరు తక్కువయ్యారు. ఎదురింటావిడ వచ్చి, “వదినా, నువ్వు రాకపోతే ఆట సాగదు” అంటూ చేతిలో కోలలు పెట్టింది. ఎంత ఓదార్చినా కదలని మనిషి ఆ మాటకు లేచింది. తన అవసరం ఇంకొకరికి ఉందన్న మాట కదా అది!

అసలు ఆటకీ మెదడుకీ సంబంధమేమిటి? న్యూయార్క్‌లో 75 ఏళ్లు దాటిన 469 మందిని ఏళ్ల తరబడి గమనించిన ఒక అధ్యయనం 2003లో వెలువడింది. శారీరక వ్యాపకాల్లో డాన్సు చేసేవాళ్లలోనే డిమెన్షియా ముప్పు తక్కువగా కనిపించింది. ఆరోగ్యం బాగున్నవాళ్లే డాన్సుకు వెళ్లి ఉండొచ్చు కాబట్టి, దాన్నే మందు అనుకోకూడదు. 2017లో జర్మనీ పరిశోధకులు ఇంకో సంగతి చెప్పారు. ఏడాదిన్నర పాటు కొందరు పెద్దవాళ్లతో మామూలు వ్యాయామం, మరికొందరితో ఎప్పటికప్పుడు అడుగులు మారే డాన్సు చేయించారు. జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోకాంపస్ రెండు జట్లలోనూ పెరిగింది. ఒంటి నిలకడ మాత్రం డాన్సు జట్టులోనే బాగా మెరుగుపడింది. చిన్న అధ్యయనమే అయినా ఆలోచించదగ్గది.

మన కోలాటంలో ఉన్నదీ అదే. ఒక కోపు కుదిరిందనుకునేలోపు గురువు ఇంకో కోపు అందుకుంటారు. పాట వినాలి, అడుగు లెక్కపెట్టాలి, ఎదుటి కోలకు కోల తగిలించాలి, వెంటనే జంట మారాలి. ఇక జడ కోలాటమైతే, అల్లిన జడను వచ్చిన దారినే వెనక్కి నడిచి విప్పాలి. ఒక్కరు దారి మరిచినా అందరి తాళ్లూ చిక్కుపడతాయి. మెదడుకి ఇంతకంటే కసరత్తు ఏముంటుంది?

పెద్దమ్మ దుఃఖం పోయిందని చెప్పను. పెదనాన్న ఫొటో ముందు ఇప్పటికీ కళ్లు తుడుచుకుంటుంది. కానీ సాయంత్రం అయిదయ్యేసరికి జడ వేసుకుని సిద్ధంగా ఉంటోంది. రాత్రి పూట కొత్త కోపును వేళ్ల మీద లెక్కపెట్టుకుంటోంది. పాలు పొంగిపోవడం తగ్గింది.

మోకాళ్ల నొప్పులు, తూలుడు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగే మొదలుపెట్టండి. నిలబడలేకపోతే కూర్చునే తాళం వేయొచ్చు. వాడుతున్న మందులు మాత్రం మానొద్దు. మీ ఇంట్లో దిగులుగా కూర్చున్న పెద్దవాళ్లుంటే, “కాసేపు కాలక్షేపానికి రా” అనకండి. “నువ్వు లేకపోతే జంట తప్పుతుంది” అని పిలవండి.