ఇద్దరి డైటు, ఒక్కరి వంట

జిమ్ముల హోర్డింగుల మీద ఈమధ్య ఒక రకం ఫోటో ఎక్కువైంది. ఒకవైపు బొద్దుగా ఉన్న భార్యాభర్తలు, రెండోవైపు అదే జంట సన్నబడి నవ్వుతూ. కింద ఆయన తగ్గిన కిలోలు, ఆవిడ తగ్గిన కిలోలు. చాలావాటిలో ఆయన అంకే పెద్దది. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. వాళ్లు తగ్గినందుకు సంతోషమే. ఇద్దరూ ఒకే పరీక్ష రాసినట్టు పక్కపక్కన మార్కులు వెయ్యడమే నచ్చదు. ఆ మార్కులు ఇళ్లలోకీ వచ్చేస్తున్నాయి. "మీ ఆయన చూడు ఎంత తగ్గాడో, నువ్వింకా అలాగే ఉన్నావేంటి" అని పెళ్లిళ్లలో మొహమ్మీదే అడిగేవాళ్లకు కొదవలేదు. కలిసి డైట్ చేస్తున్నామని చెప్పుకునే చాలా ఇళ్లలో డైటు ఇద్దరిదీ, చాకిరీ ఒక్కరిదీ అయిపోతోందని నా వాదన.

జంటగా మొదలుపెట్టడం మంచిదే, అందులో సందేహం లేదు. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్‌లో 32 ఏళ్లపాటు 12,067 మంది వివరాలు పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, దంపతుల్లో ఒకరికి ఊబకాయం వస్తే రెండోవారికీ వచ్చే అవకాశం 37 శాతం పెరుగుతుందని తేలింది. ఒకే పొయ్యి మీద వండింది తిని, ఒకే సోఫాలో కూర్చునేవాళ్ల మధ్య అలవాట్లు పాకక మానవు. తగ్గడం కూడా అలాగే పాకుతుంది. ఇంగ్లండులో మూడువేల ఏడువందలకు పైగా జంటలను గమనించినప్పుడు, ఒకరు మారితే రెండోవారూ మారడం ఎక్కువగానే కనిపించింది. మన దగ్గర ఈ బాధ ఇద్దరికీ ఉంది కూడా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లలో 36.3 శాతం, మగవాళ్లలో 31.1 శాతం ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. తెలంగాణలో ఆడవాళ్లు 30.1, మగవాళ్లు 32.3 శాతం.

అయితే ఒళ్లు ఇద్దరిదీ ఒకటి కాదు. మగవాళ్లకు కండ ఎక్కువ, కాబట్టి ఊరికే కూర్చున్నా ఎక్కువ శక్తి ఖర్చవుతుంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో, కూర్చుని పనిచేసే మగమనిషికి రోజుకు 2110 కిలోక్యాలరీలు, అలాంటి పనే చేసే ఆడమనిషికి 1660 చాలన్నారు. తేడా 450. ఇప్పుడు ఇద్దరికీ "సమానంగా" చెరో మూడు పుల్కాలు, చెరో కప్పు పప్పు పెట్టుకుంటే, ఆయనను తగ్గించే పళ్లెమే ఆవిడను ఉన్నచోటే ఉంచవచ్చు. మధుమేహం అంచున ఉన్న రెండువేల మందికి పైగా మనుషులకు ఎనిమిది వారాలు ఒకేరకం తక్కువ క్యాలరీల ఆహారం పెట్టిన అధ్యయనం 2018లో వచ్చింది. అందులో మగవాళ్లు ఆడవాళ్లకంటే 16 శాతం ఎక్కువ బరువు తగ్గారు. దీన్ని పట్టుదలకు కొలబద్దగా చూపడం అన్యాయం. పోటీ పెట్టుకుంటే హుషారుగా ఉంటుంది కదా అంటారు కొందరు. ఉంటుంది, గెలిచేవాళ్లకి. నడుము చుట్టుకొలత విషయంలో మన వైద్యులు ఈ తేడాను ఎప్పుడో ఒప్పుకున్నారు: మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదని హద్దులే వేరుగా పెట్టారు. ఎవరి టేపు వాళ్లు పట్టుకుని, పోయిన నెల కొలతతో పోల్చుకుంటే సరిపోయేదానికి పందెం దేనికి?

అసలు సంగతి వంటింట్లో ఉంది. గత పాతిక ముప్ఫై ఏళ్లలో తెలుగునాట వచ్చిన ఆహార ఉద్యమాలు తక్కువేం కాదు. మంతెన సత్యనారాయణ రాజు ఉప్పూ నూనే మానమన్నారు. వీరమాచనేని రామకృష్ణ అన్నం మాని కొవ్వు తినమన్నారు. ఖాదర్ వలీ సిరిధాన్యాలు తినమన్నారు. ఎవరి మాట సరైనదో ఇక్కడ తేల్చబోవడం లేదు. కానీ ఎవరి మాట విన్నా, అలమారలో డబ్బాలు మార్చాల్సింది ఇల్లాలే. అరికెలు, కొర్రలు గంటల ముందు నానెయ్యాలి, మరిచిపోతే ఆ పూట గడిచినట్టే. జొన్నరొట్టె సంగతి చూడండి. గోధుమపిండికుండే జిగురు జొన్నపిండికి లేదు, కాబట్టి మరిగే నీళ్లు పోసి, చెయ్యి కాలుతుండగానే పిండిని మెదాయించాలి. చపాతీలా కర్రతో ఒత్తితే చీలుతుంది. అరచేత్తో తడుతూ, తిప్పుతూ, అంచు పగిలినచోట తడి వేలితో అతుకుతూ పెద్దది చెయ్యాలి. పెనం మీద వేశాక పైన తడిగుడ్డ అద్ది, ఆ నీళ్లు ఆరగానే తిరగెయ్యాలి. చల్లారితే గట్టిపడుతుంది కాబట్టి ఒక్కొక్కటీ వేడిగానే కంచంలోకి వెళ్లాలి. అంటే ఆయన తింటున్నంతసేపూ ఆవిడ పెనం దగ్గరే నిలబడుతుంది. పిల్లలకు రొట్టె ఎక్కదు, వాళ్లకు దోసెలు. అత్తగారికి పళ్లు లేవు, ఆవిడకు మెత్తటి అన్నం. అందరివీ అయ్యేసరికి తొమ్మిదిన్నర దాటుతుంది. అప్పుడు తనకోసం మళ్లీ పిండి కలిపే ఓపిక ఎవరికుంటుంది? పిల్లాడు వదిలేసిన దోసె ముక్క, గిన్నెలో మిగిలిన అన్నంలో ఇంత పెరుగు. అన్నం పరబ్రహ్మ స్వరూపమని పెరిగినవాళ్లకు చెత్తబుట్టలో వెయ్యడానికి చెయ్యి రాదు. ఆ దోసె ముక్క ఏ డైట్ చార్టులోనూ ఉండదు.

ఎలాగూ వంట ఆవిడే చేస్తుంది కదా, కొత్తగా వచ్చిన కష్టమేంటి అనే ప్రశ్న వస్తుంది. పాత వంట పోయి కొత్త వంట వస్తే నిజంగానే కష్టం లేదు. ఇక్కడ పాతది అలాగే ఉండి, దానిమీద కొత్తది వచ్చి పడుతోంది. మా ఇంట్లో మగవాళ్లే కూరలు తరుగుతారని ఇంకొందరంటారు. చాలా సంతోషం, అలాంటి ఇళ్లు పెరగాలి. కానీ 2019 జాతీయ టైమ్ యూజ్ సర్వే చెప్పినదాని ప్రకారం, జీతం లేని ఇంటిపని చేసే మగవాళ్లు నాలుగో వంతుకు కాస్త పైన మాత్రమే. ఆ చేసేవాళ్లు కూడా రోజుకు 97 నిమిషాలు చేస్తే, ఆడవాళ్లు 299 నిమిషాలు చేస్తున్నారు. వంటమనిషిని పెట్టుకుంటే సరి అనేవాళ్లూ ఉన్నారు. రేపు ఏం నానెయ్యాలో, ఎవరికేం వండాలో ఆ మనిషికి చెప్పాల్సింది మళ్లీ ఎవరు? జంటగా బరువు తగ్గాలనుకున్నప్పుడు నానెయ్యడం, తరగడం, అందరూ తిన్నాక మిగిలింది సర్దడం కూడా జంటగానే జరగాలి. వారంలో కనీసం మూడు రాత్రులు ఆయన పెనం దగ్గర నిలబడి, ఆవిడ వేడి రొట్టె తినాలి. అదీ ఆ డైట్లో భాగమే.

వ్యాయామం దగ్గరా ఇదే తంతు. హైదరాబాద్ కేబీఆర్ పార్కులోనో, విశాఖ బీచ్ రోడ్డులోనో పొద్దున్నే చూస్తే తెలుస్తుంది. ఆయన చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పది అడుగులు ముందు, ఆవిడ వెనక, మధ్యమధ్యలో గడియారం చూసుకుంటూ. పాలు కాచాలి, టిఫిన్ బాక్సులు సర్దాలి. ఆడవాళ్లకు నడక చాలులే అనేది ఇంకో దురభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలందరికీ వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామంతో పాటు, రెండు రోజులైనా కండరాలకు బలమిచ్చే కసరత్తు చెయ్యమంటోంది, ఆడా మగా తేడా లేకుండా. వయసుతో కండా ఎముకా సన్నగిల్లడం ఆడవాళ్లు మరీ పట్టించుకోవాల్సిన విషయం, కాబట్టి డంబెల్స్ వాళ్ల చేతుల్లోనే ముందు ఉండాలి. కానీ ఎప్పుడు? కొన్ని అపార్ట్‌మెంట్లలో జిమ్ము పొద్దున తొమ్మిదింటికో పదింటికో మూసేసి సాయంత్రం మళ్లీ తెరుస్తారు. పిల్లలు బడికి, ఆయన ఆఫీసుకు వెళ్లాక ఇంట్లో ఉండే ఆవిడకు చిక్కేది సరిగ్గా ఆ మధ్యవేళే. ఉద్యోగం చేసే ఆవిడకు అదీ లేదు, రాత్రి తొమ్మిది తర్వాతే. లిఫ్టు మరమ్మతు గురించీ, నీళ్ల ట్యాంకర్ల గురించీ గంటలకొద్దీ వాదించుకునే అసోసియేషన్ మీటింగుల్లో మగవాళ్లే ఎక్కువగా కూర్చుంటారు కాబట్టి, ఈ జిమ్ము వేళల సంగతి వాళ్లే ఎత్తాలి, వచ్చే మీటింగులోనే.